మెళియాపుట్టి కొండల్లో షామన్ విడిది: చేతిపని ఎలా ఉంది, తక్కినవి ఎలా ఉన్నాయి

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి దాటి ఒడిశా సరిహద్దు కొండల్లోకి వెళ్లే దారిలో, ఒక జీడితోటలో ఈ విడిది నడుస్తోంది. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు. విడతకి 14 మంది. మనిషికి 11,500 రూపాయలు. తిండి, బస, చేతిపని సామాను అన్నీ అందులోనే. ప్రకటనలో ‘ప్రకృతి ఒడిలో షామన్ సాధన, ఆదివాసీ హస్తకళలు’ అని ఉంటుంది. షామన్ అంటే పూనకంలో ఆత్మలతో మాట్లాడే మనిషి, సైబీరియా మాట. విడిది పేరు ఇక్కడ రాయడం లేదు. పక్కనున్నది పాతిక గడపల సవర ఆదివాసీ గూడ. పేరు బయటపెడితే పని నేర్పే పెద్దల ఇళ్లు ఇట్టే దొరికిపోతాయి, ఆదివారం వచ్చేసరికి వాళ్ల గుమ్మాల ముందు కార్లు ఆగుతాయి. ఇలాంటి విడిది ఎక్కడ ఎవరు పెట్టినా ఏం చూసుకోవాలో, ఏం అడగాలో తెలియడానికి ఈ వివరాలు పనికొస్తాయి.

ముందు తీర్పు చెప్పేస్తాం. డప్పు కట్టడం, గోడబొమ్మ, వెదురుపని చాలా బాగా నేర్పుతున్నారు. డప్పు మోతకి కళ్లు మూసుకుని చేసే ‘ప్రయాణం’ ఫర్వాలేదు, కానీ దానికి తగిలించిన పేరు తప్పు. ఆవిరి గుడిసె మాత్రం పూర్తిగా ఎత్తేయాలి.

ఈ విడిదిలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు కాలపట్టిక. నాలుగు రోజులనీ ఒక మేకతోలు ఆరే వేగాన్ని బట్టి అమర్చారు. మొదటి రోజు సాయంత్రం తోలు నానేస్తారు. రెండో రోజు పొద్దున్న గుండ్రటి చెక్క చట్టానికి బిగిస్తారు. అక్కణ్నుంచి నాలుగో రోజు పొద్దుటిదాకా దాన్ని ముట్టుకోవడానికి లేదు. ఆ మధ్య వేళల్లో బొమ్మ, వెదురు, నూలు. సొంత డప్పు మీద మొదటి దెబ్బ నాలుగో రోజే పడుతుంది. రెండే రోజుల్లో డప్పు చేతికిస్తామనే చోట్లు ఉంటాయి. అక్కడ బిగించి ఆరబెట్టిన డప్పు ముందే సిద్ధంగా ఉంటుంది, మీరు దాని మీద రంగు పూస్తారు, అంతే. ఆరకుండా కొట్టిన తోలు నడిమధ్యన సాగిపోతుంది, మళ్లీ బిగువు రాదు.

డప్పు పని కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది దీనికోసమే వస్తారు కాబట్టి. చట్టం 14 అంగుళాల అడ్డం, రెండున్నర అంగుళాల లోతు. వంపుగా చెక్కిన చెక్కముక్కలు అతికి చేసినది, సిద్ధంగానే ఇస్తారు. మీ వంతు మొదటి పని, తోలు ఆనే అంచుని ఆకురాయితో, ఆ తర్వాత గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీయడం. బొటనవేలు అంచు మీద చుట్టూ తిప్పితే ఎక్కడా తగులుకోకూడదు. ఈ పనికి గంట ఇస్తారు, చాలామంది పది నిమిషాల్లో ముగించేస్తారు. తోలు ఆరి ముడుచుకునేటప్పుడు పదునైన అంచు లోపలినుంచి దాన్ని కోసేస్తుంది. ఆ కోత అప్పుడే కనబడదు, ఇంటికెళ్లిన నెలకి చీలిక బయటపడుతుంది.

తోలు ఎండు మేకతోలు, వెంట్రుక తీసినది. చన్నీళ్లలో 10 నుంచి 12 గంటలు నానాలి. పైకి తేలకుండా ఒక రాయి పెడతారు. నానిందో లేదో తెలియాలంటే ఒక మూల మడిచి చూడాలి: మడత దగ్గర తెల్లటి గీత కనబడితే ఇంకా లోపల ఎండుగానే ఉన్నట్టు. తొందరపడి వేడినీళ్లు పోస్తే తోలు ముడుచుకుపోయి బంకలా తయారవుతుంది, ఇక పనికిరాదు. ఎండాకాలం 14 గంటలు దాటితే కుళ్లువాసన మొదలవుతుంది, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. ఇక్కడ రాత్రి తొమ్మిదికి నానేసి పొద్దున్న ఎనిమిదికి తీస్తారు. చలికాలానికి సరిగ్గా సరిపోతుంది.

చట్టం కన్నా నాలుగు అంగుళాలు ఎక్కువగా, అంటే 18 అంగుళాల వృత్తం గీసి కోస్తారు. మిగిలిన తోలులోంచే బిగింపు వారు, అంటే తోలు పట్టీ తీయాలి: పావు అంగుళం వెడల్పున చుట్ట తిరుగుతూ కోసుకుంటూ పోతే ఒకే పొడవైన వారు వస్తుంది. 16 చిల్లులున్న డప్పుకి ఏడు గజాల వారు కావాలి. కత్తెర ఆపి ఆపి కోస్తే అంచులో గాట్లు పడతాయి, బిగించేటప్పుడు వారు సరిగ్గా ఆ గాటు దగ్గరే తెగుతుంది. చిల్లులు ఆరతో, అంటే తోలుపని సూదితో పొడవాలి. ముందు గడియారంలో 12, 3, 6, 9 లాగా నాలుగు, వాటి మధ్యన నాలుగు, మళ్లీ మధ్యన ఎనిమిది. ఈ వరస తప్పితే ఎదురెదురు చిల్లులు కలవవు, లాగుడు ఒక పక్కకి పోతుంది. చిల్లు అంచుకి కనీసం అరంగుళం లోపల ఉండాలి. డప్పులు ఇక్కడ చిరిగితే ఎక్కువగా చిల్లు అంచుకి దగ్గరగా పడటం వల్లనే.

చట్టం అంచుకి చింతగింజల జిగురు రాస్తారు. గింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, పొడి చేసి నీళ్లలో ఉడికిస్తే వచ్చే అంబలి అది. ఆ జిగురు పెట్టాక తోలు వేసి, వెనక రెండంగుళాల ఇనప కడియం నడిమధ్యన పెట్టి, వారుని చిల్లులోంచి కడియానికి, కడియం నుంచి ఎదుటి చిల్లుకి లాగుతూ పోవాలి. మొదటి చుట్టు వదులుగా, రెండోది బిగువుగా, మూడోది సర్దుబాటుకి. ఎంత బిగించాలన్న దగ్గరే అందరూ తప్పు చేస్తారు. తడి తోలు మీద మోత పలికేంత బిగిస్తే, ఆరేటప్పుడు అది ఇంకా ముడుచుకుని చట్టాన్ని కోడిగుడ్డులా నొక్కేస్తుంది, లేకపోతే చిల్లు దగ్గర చిరుగుతుంది. నేర్పే పెద్దాయన కొలత సులువుగా ఉంది: నడిమధ్య బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి. అంతకన్నా దిగితే వదులు, దిగకపోతే అతి బిగువు.

ఆరబెట్టడం నీడలో, గాలి తగిలే చోట, తీగకి వేలాడదీసి. నేల మీద బోర్లిస్తే లోపలి తడి ఎటూ పోక బూజు పడుతుంది. ఎండలో పెడితే పై పొర ముందు ఆరి లోపలిది వెనకబడుతుంది, తోలు అలలు తేలుతుంది. పుష్యం, మాఘమాసాల్లో 48 గంటలు చాలు. జూలై నుంచి అక్టోబరు దాకా సముద్రపు తేమ, కొండల వాన రెండూ కలుస్తాయి, నాలుగో రోజుకి కూడా తోలు మెత్తగానే ఉంటుంది. వానాకాలపు విడతలు నడపడం న్యాయం కాదు, నడిపినా డప్పు తీసేసి డబ్బు తగ్గించాలి. ఇప్పటికి అదే రుసుం తీసుకుంటున్నారు.

నాలుగో రోజు ఎండుగడ్డి మంట పక్కన మూరెడు దూరంలో డప్పు తిప్పుతూ కాస్తారు. తోలు గోరువెచ్చనయితే చాలు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. రెండు పుల్లలకీ రెండు పనులు: సిర్ర నడిమధ్య బరువుగా పడుతుంది, చిటికెన పుల్ల అంచు మీద సన్నగా ఆడుతుంది. ఈ పట్టు వచ్చేదాకా అరగంట ఓపిక పట్టి నేర్పుతున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, గట్టిది. ప్రకటనలోనూ పలకమీదా దీన్ని ‘షామన్ డ్రమ్’ అని రాస్తున్నారు. ఇది డప్పు. దీన్ని కట్టేవాళ్లనీ కొట్టేవాళ్లనీ తరాల తరబడి ఊరి చివర ఉంచిన వాయిద్యం. నేర్పడానికి వచ్చేవాళ్లు ఆ వృత్తి కుటుంబాలవాళ్లే. వాళ్ల వాయిద్యానికి సైబీరియా పేరు తగిలించి వేల రూపాయలకి నేర్పుతూ, అసలు పేరు దాచడం ఆ చేతులకి చేసే అన్యాయం. ‘డప్పు’ అనే రాయండి. ఒక్కరు కూడా మానుకోరు, రావలసినవాళ్లే వస్తారు.

గోడబొమ్మ మూడో రోజు పొద్దున్న. సవరల బొమ్మని సవర భాషలో ఇడితాల్ అంటారు, గోడమీద రాసినది అని అర్థం. మనవైపు ఎడిసింగ్ అనే మాట కూడా వింటాం. ఎర్రమన్ను ముందురోజు నానబెట్టి, ఆవుపేడ కలిపి, రెండు పూతలు పూస్తారు. మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది, అదీ అడ్డంగా. తెల్లరంగు బియ్యప్పిండి: గిద్దెడు బియ్యం మూడు గంటలు నానబోసి, వెన్నలా రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే పలుకులు కుంచెకి అడ్డంపడి గీత తెగుతుంది. చిక్కగా ఉంటే ఆరాక పొలుసులుగా రాలుతుంది, పల్చగా ఉంటే కారుతుంది. గరిటె వెనక రాసి వేలితో గీత గీస్తే రెండు పక్కలా కలవకుండా నిలవాలి, అది కొలత. కుంచె వెదురు పుల్ల. కొసని రాయితో నలగ్గొట్టి నారలుగా విడదీస్తారు. గీసినప్పుడు గీత దాదాపు కనబడదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. కనబడలేదని మళ్లీ మళ్లీ దిద్దినవాళ్ల బొమ్మలే లావుగా మొద్దుగా వస్తాయి.

ముందు చట్రం గీయాలి, అది ఇల్లు. ఆ తర్వాత లోపల మనుషులు: కొసలు కలిసిన రెండు త్రికోణాలు ఒళ్లు, సన్నటి గీతలు కాళ్లూ చేతులూ. సూర్యుడు, చంద్రుడు, నెమలి, ఏనుగు, గుర్రం, కోతి, చెట్టు, గొడుగు పట్టిన మనిషి. పైనుంచి కిందకి ఒకటే దిక్కు ఉండాలని లేదు. అయితే ఇది అలంకారానికి పుట్టిన బొమ్మ కాదని నేర్పే ఆవిడే మొదట చెబుతుంది. ఇంట్లో జబ్బో చావో వచ్చినప్పుడు, ఫలానా సోనుమ్‌కి, అంటే ఫలానా చనిపోయినవారికో దేవతకో చోటు కావాలని తేలినప్పుడు ఈ బొమ్మ రాస్తారు. ఏమేం ఉండాలో పూజ చేసే మనిషి చెబుతారు, రాసే మనిషి రాస్తారు, పైన బియ్యం చల్లి సారా వదిలితేనే అది ఇల్లవుతుంది. అంతవరకూ వట్టి గోడే. అందుకే విడిదిలో గోడ మీద కాకుండా మూడడుగుల పలకమీద, పూజ లేకుండా గీయిస్తున్నారు. ఇది సరైన పద్ధతి. కానీ ఆఖర్న ‘మీ ఇంటి రక్షణ చిత్రం’ అని ఒక కాగితం అంటించి ఇస్తున్నారు, అది తీసేయాలి. ఇంకో లోపం: మధ్యాహ్నం పిండి అయిపోతే డబ్బా రంగు ఇస్తున్నారు. ఆ మెరుపు ఎర్రమన్ను మీద అస్సలు అతకదు. పిండి ఇంకో గిద్దెడు ఎక్కువ రుబ్బుకుంటే సరిపోయే పని.

ఇప్పుడు ‘షామన్’ సంగతి. ఆ మాట సైబీరియాలోని తుంగూస్ జనాలది. ఇక్కడ రాత్రి ఏడున్నరకి చేయించే ‘ప్రయాణం’ పడమటి దేశాల్లో గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో కూర్చిన పద్ధతి: చాప మీద వెల్లకిలా పడుకుని, కళ్లమీద గుడ్డ కప్పుకుంటే, నిమిషానికి 200 నుంచి 220 దెబ్బల చొప్పున ఒకే వరసలో పావుగంట డప్పు మోగుతుంది. మనసులో ఒక గుంటలోకో చెట్టు మొదల్లోకో దిగుతున్నట్టు ఊహించుకోవాలి. చివర దెబ్బ మారుతుంది: ఏడేసి బరువైన దెబ్బలు నాలుగుసార్లు, తర్వాత వేగంగా ఒక నిమిషం. అది వెనక్కి రమ్మనే పిలుపు. నడిపించేవారికి పని వచ్చు. వేగం జారదు, పిలుపు స్పష్టంగా ఉంటుంది, లేచాక వేరుశెనగ, బెల్లం, నీళ్లు ఇచ్చి పది నిమిషాలు ఎవరినీ లేవనివ్వరు. చాలామందికి ఇది గాఢమైన విశ్రాంతి. కొందరికి బొమ్మలు కనబడతాయి. కొందరు నిద్రపోతారు, అదీ తప్పేం కాదు.

కానీ నమోదు కాగితంలో ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న లేదు. మూర్ఛ ఉన్నవాళ్లు, మనసుకి సంబంధించిన మందులు వాడుతున్నవాళ్లు, ఈ మధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఇందులో కూర్చోకూడదు, లేదా వైద్యుణ్ని అడిగి కూర్చోవాలి. చీకట్లో ఒకే వరస మోత కొందరిలో భయాన్ని, గాభరాని పెంచుతుంది. ఇలాంటి విడిదికి డబ్బు కట్టేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఎవరైనా భయపడి లేచిపోతే పక్కన కూర్చునే రెండో మనిషి ఉన్నారా? ఇక్కడ లేరు. నడిపించేవారి చేతిలో డప్పు ఉంటుంది, ఆపితే తక్కిన 13 మందికీ ఇబ్బంది.

దీన్ని ‘సవరల ప్రాచీన సాధన’ అనడం అబద్ధం. సవరల్లో చనిపోయినవారితో మాట్లాడే మనిషిని వాళ్ల భాషలో కుడాన్ అంటారు, ఆడవాళ్లూ ఉంటారు. మన తెలుగు పలుకుబడిలో ఎజ్జోడు, దిసరి, జన్నోడు అని ఊరిని బట్టి, పనిని బట్టి పేరు మారుతుంది. కుడాన్ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. పాట సాగుతుంది. ఆమె ప్రాణం కిందిలోకానికి దిగిందంటే ఒళ్లు కొయ్యబారుతుంది, పక్కవాళ్లు చేతులూ కాళ్లూ మడిచి సడలిస్తారు. అప్పుడు ఒక్కొక్క సోనుమ్ ఆమె నోటితో పలుకుతుంది. ఇంటివాళ్లు ఏడుస్తారు, దెబ్బలాడతారు, బాకీల సంగతి అడుగుతారు, ఎందుకు పోయావని నిలదీస్తారు. ఆ సంభాషణ ఒక రాత్రిలో తేలదు, ఏళ్ల తరబడి సాగుతుంది. చనిపోయినవారి పేర రాయి నిలబెట్టే గువార్ లాంటి పెద్ద కర్మలు ఆ దారిలో మజిలీలు. అంటే అక్కడ ప్రయాణం చేసేది ఒక్క మనిషే, ఊరంతటి తరఫున. ఇక్కడ 14 మంది ఎవరికి వాళ్లు తమలోకి తాము దిగుతారు. రెండూ వేరు వేరు పనులు. పైగా అదంతా సవర భాషలో జరిగే మాట. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ ఆ భాష నేర్చుకోవడానికి ఏళ్లు వెచ్చించారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ నిఘంటువు 1938లోనూ వచ్చాయి. నాలుగు రోజుల్లో అందుతుందని ప్రకటన వేసేవాళ్లు ఈ జిల్లాలోనే ఉండి ఆ సంగతి మరిచిపోకూడదు.

మూడో రోజు సాయంత్రం గూడనుంచి ఒక పెద్దాయన వస్తారు. ‘నిజమైన షామన్‌తో పూజ’ అని పట్టికలో రాశారు. ఆయన పూనకం తెచ్చుకోరు, తెచ్చుకోమని అడిగినా నవ్వి ఊరుకుంటారు. నాలుగు గింజలు చల్లి, దొప్పలో జీలుగు కల్లు నేలకి వదిలి, కొండకి ఒక మాట చెప్పి, తర్వాత విత్తనాల గురించీ కందికొత్త పండగ గురించీ మాట్లాడతారు. కొత్త కందులు దేవుడికి పెట్టకుండా ఇంట్లో ఎందుకు వండరో ఆయన చెప్పే తీరు వినాలి. కొందరు వచ్చినవాళ్లు దీనికి నిరాశపడుతున్నారు. తప్పు ఆయనది కాదు, పట్టిక రాసినవాళ్లది. అమ్మకూడనిది ఆయన అమ్మలేదు. జోస్యం అడగకండి, ముఖం ఫొటో తీయకండి. గూడలో సగం ఇళ్లు క్రైస్తవం తీసుకున్నవి, ఆ ఇళ్లకి వెళ్లి సోనుమ్ గురించి అడగడం మర్యాద కాదు.

ధూపం విషయం చిన్నదే అయినా చెప్పాలి. కాలిఫోర్నియా నుంచి తెచ్చిన తెల్ల సేజ్ ఆకు కాలుస్తున్నారు. మన కొండల్లో గుగ్గిలం చెట్టు ఉంది, సంతలో సాంబ్రాణి ఉంది. నిప్పుల మీద చిటికెడు గుగ్గిలం వేస్తే చాలు, ఖర్చూ తక్కువే.

వెదురుపని రెండో రోజు మధ్యాహ్నం. మూడేళ్లు నిండిన వెదురే తీసుకుంటారు. ఏడాది బొంగు పచ్చిగా ఉండి ఆరాక ముడుచుకుంటుంది, బుట్ట వదులైపోతుంది. చీల్చిన దబ్బలు నీళ్లలో నానిన తర్వాతే పని. నానితే వంగుతాయి, లోపలి పిండిపదార్థం పోయి పురుగూ తక్కువ పడుతుంది. అడుగున ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు పరిచి, నిలబడే దబ్బల్లో ఒకదాన్ని రెండుగా చీల్చి లెక్కని బేసి చేస్తారు. ఇది చిన్న కిటుకు, కానీ బుట్ట అంతా దీనిమీదే నడుస్తుంది. లెక్క సరిసంఖ్య అయితే అల్లే పేడు రెండో చుట్టులో కూడా మొదటి చుట్టులో పోయిన దబ్బల మీంచే పోతుంది, అల్లిక పట్టదు. ఎడమచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుకోండి. వెదురు అంచు బ్లేడు కన్నా తక్కువేం కాదు. మూడు గంటల్లో జానెడు బుట్ట పూర్తవుతుంది, అంచు కట్టడం మాత్రం వాళ్లే చేసి ఇస్తారు. అంచు కట్టడం కూడా నేర్పాలి, బుట్ట బతికేది అక్కడే.

అడ్డాకుల విస్తరి కుట్టడం దానికి అనుబంధం. వెదురు ఈనెలతో ఆకుకి ఆకు గుచ్చడం పిల్లలకి కూడా వస్తుంది. ఆ పూట భోజనం మీరు కుట్టినదాంట్లోనే. ఆకు తొడిమ వైపు నడిమధ్యకి రాకుండా చూసుకోండి, లేకపోతే పులుసు అక్కడినుంచి కారుతుంది.

నూలు వడకడానికి పొందూరు వైపునుంచి ఇద్దరు వస్తారు. రెండే గంటలు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం చూపిస్తారు. ఆ సన్నటి పళ్లు చెత్తని తీసేసి పోగుల్ని ఒకే దిక్కుకి సర్దుతాయి. తర్వాత పలకమీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీయడం, బద్దతో ఏకడం, ఏకులు చుట్టి ఎండు అరటిదొప్పలో దాచడం. ఇన్ని మెట్లు దాటితే గాని చరఖా దాకా రారు. రెండు గంటల్లో మీ చేతిలో తెగని నూలు మూరెడు వస్తే గొప్ప. దీన్ని పూర్తి పూట చేయాలి, లేకపోతే తీసేయాలి. ఆసక్తి ఉన్నవాళ్లు తిన్నగా పొందూరే వెళ్లడం మేలు.

ఆవిరి గుడిసె గురించి గట్టిగా చెప్పక తప్పదు. వంచిన వెదురు బద్దల మీద టార్పాలిను కప్పి, ఎర్రగా కాల్చిన రాళ్ల మీద నీళ్లు పోసి, 14 మందిని లోపల కూర్చోబెడుతున్నారు. ఇది ఉత్తర అమెరికా ఆదివాసుల కర్మ, వాళ్ల దగ్గర ఏళ్ల శిక్షణ ఉన్నవాళ్లే నడుపుతారు. 2009 అక్టోబరులో అరిజోనాలోని సెడోనాలో ఇలాంటి గుడిసెలోనే ముగ్గురు చనిపోయారు. గాలి ఆడని ప్లాస్టిక్ కప్పు, ఉపవాసం, నీళ్లు తాగకపోవడం, మధ్యలో లేచిపోతే నామర్దా అన్న భావం కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మన వాతావరణంలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా ఈ జిల్లా తీరాన ఉన్న ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలుసు. ఒంట్లో నీరు ఇంకిపోయేలా చేసే ఏ పనీ ఈ ప్రాంతంలో ఆటగా చేయకూడదు. వద్దంటే బలవంతపెట్టరు, ఆ గంట వాగు పక్కన కూర్చోవచ్చు. వెళ్లేవాళ్లు అలాగే చేయాలి.

‘ఒంటరి కూర్పు’ అని ఇంకోటి ఉంది: తోటలో ఒక్కొక్కరినీ విడివిడిగా చెట్టుకింద నాలుగు గంటలు కూర్చోబెట్టడం. ఆలోచన మంచిదే. ఫోను లేకుండా ఒకే చెట్టు కింద నాలుగు గంటలుంటే మొదటి గంట విసుగు, రెండో గంట నిద్ర, ఆ తర్వాత చీమల బారు దగ్గర్నుంచి గాలి దిక్కు దాకా అన్నీ కనబడతాయి. కానీ పొద్దున్న అయిదింటికి మొదలుపెడుతున్నారు. ఇది ఎలుగుబంట్లు తిరిగే నేల. జీడిపళ్లు, పనసపళ్లు పండే కాలంలో తెల్లవారుజామునా మునిమాపునా అవి తోటల్లోకే వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో మనిషి చనిపోయాడు. ఎనిమిది దాటాక మొదలుపెట్టాలి, ఒకరికొకరు కేకకి అందేంత దూరంలో ఉండాలి, ప్రతివాళ్ల దగ్గరా ఈల ఉండాలి. మార్చి నుంచి జూన్ దాకా ఈ భాగమే వద్దు.

తిండి బాగుంటుంది. పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం సామన్నం, కందిపప్పు, పనసకాయ కూర, రాత్రి అన్నం, చారు. కారం తక్కువ కావాలంటే ముందే చెప్పాలి. బస మట్టిగోడల పాకలు, నలుగురికి ఒకటి, మరుగుదొడ్లు మూడు, శుభ్రంగానే ఉన్నాయి. దోమతెరలు ఇస్తారు కానీ రెండింటికి చిరుగులు, మీది మీరు తెచ్చుకోండి. కొండప్రాంతపు మలేరియాని తేలిగ్గా తీసుకోవద్దు. రైలుకి పలాస దిగడం సులువు. అక్కణ్నుంచి జీపు వాళ్లే పంపుతారు, దాని కిరాయి మాత్రం రుసుంలో లేదు, ఆ సంగతి దిగాక చెబుతున్నారు.

వెళ్తే డిసెంబరు మధ్యనుంచి ఫిబ్రవరి ఆఖరులోగా వెళ్లండి. డబ్బు కట్టేముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: తోలు ఏ రోజు బిగిస్తారు, రాత్రి ప్రయాణంలో రెండో మనిషి ఉంటారా, ఆవిరి గుడిసె వదులుకుంటే ఫర్వాలేదా, నేర్పే పెద్దలకి రోజుకి ఎంత ఇస్తారు. చివరి ప్రశ్నకి జవాబు దాటేసే విడిదికి ఇది అనే కాదు, దేనికీ వెళ్లకండి.

డప్పు ఇంటికి తెచ్చేటప్పుడు సంచిలో వేసి మూతి కట్టేయకండి, లోపల మిగిలిన తడికి రైల్లోనే వాసన పట్టేస్తుంది. పల్చటి గుడ్డ చుట్టి చేతిలోనే పట్టుకురండి. ఇంకో వారం నీడలో వేలాడాలి. నూనె రాయకండి, తోలు మెత్తబడి మోత చచ్చిపోతుంది. వానాకాలంలో వదులైనప్పుడు వారు లాగి బిగించే పని పెట్టుకోవద్దు. ఎండ వచ్చిన పూట పది నిమిషాలు వాకిట్లో నిలబెట్టి, రెండు వైపులా తిప్పితే చాలు.